ప్లాను కింద పేరు

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో వీరబ్రహ్మంగారు మా కాలేజీని ఒకే ఒక్క కోరిక కోరారు. అది నా చెవిన వేశారు. నేను తీర్చలేకపోయాను. దానికి పెద్ద కారణమేమీ లేదు, అలిసిపోయి ఉన్నాను, అంతే. మా ఉద్యోగాల్లో అలసట అందరూ ఒప్పుకునే సాకు కాబట్టి నన్నెవరూ ఏమీ అనలేదు. అనకపోబట్టే ఇప్పుడు కూర్చుని ఇది రాయాల్సి వస్తోంది.

మాది రాజమండ్రి శివార్లలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్. నేను అక్కడ లెక్కలు చెబుతాను. ఆయన వర్క్‌షాపులో ఉండేవారు. కాగితాల్లో ఆయన హోదా అటెండరు. చేసే పని మాత్రం ఫిట్టింగు, వడ్రంగం, వెల్డింగు మూడూ పిల్లలకు నేర్పడం. 1980లో చేరేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ పోస్టు రాగానే మీకే ఇస్తామన్నారట. ఆ పోస్టు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ డిప్లొమా ఉన్న కుర్రవాళ్ళకు వెళ్ళింది. వాళ్ళకు లేతు మిషను ఎలా ఆపాలో మొదటి రోజున చూపించింది కూడా ఈయనే. ఈ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. మేమే స్టాఫు రూములో టీ తాగుతూ ఎత్తి, పాపం అనుకుని, గ్లాసులు కింద పెట్టి క్లాసులకు వెళ్ళిపోయేవాళ్ళం.

ఆయన పుట్టింది కోరుకొండ దగ్గర పల్లెలో. తండ్రి బళ్ళు, నాగళ్ళు చేసేవాడు. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని పలచబడింది. కొడుకును ఐటీఐ చదివించి, ఇనుము పని నేర్చుకోరా, కర్రకు కాలం చెల్లింది అన్నాడట. పెళ్ళయ్యాక అత్తగారి ఊరు కడియపులంకలో స్థిరపడ్డారు. భార్య పేరు చిన్నమ్మాయి. పేరుకు చిన్నమ్మాయే గాని యాభై దాటింది. ఆవిడ నర్సరీలో కవర్లు నింపే పనికి వెళ్ళేది. ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపిన కుప్ప ముందు గొంతుక్కూర్చుని, నల్ల ప్లాస్టిక్ కవరు ఎడమచేత్తో తెరిచి, కుడిచేత్తో మట్టి కూరి, బొటనవేలితో అదిమి పక్కన పెట్టాలి. పొద్దున్న ఏడింటి నుంచి అదే పని. ఆవిడ కుడి బొటనవేలికి గోరు లేదు. ఇక రాదని డాక్టరు చెప్పాడట. నడుము సంగతి డాక్టరు దాకా వెళ్ళలేదు.

ఫిబ్రవరి వస్తే మా కాలేజీలో ప్రాజెక్టుల కాలం. ఆఖరి సంవత్సరం పిల్లలు నలుగురైదుగురు ఒక బ్యాచీగా ఏదో ఒక యంత్రం చేసి చూపించాలి. చేయడం అనేది మర్యాదకు వాడే మాట. సగం మంది వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి, ఏమైనా చేసి పెట్టండి బాబాయిగారూ అనేవాళ్ళు. ఈయన చేసి పెట్టేవారు. మా దగ్గర అర హెచ్‌పీ మోటారు ఒకటి ఉండేది. అది ఏడు బ్యాచీలతో డిప్లొమా పాసయింది. ఒక ఏడు చెరకు రసం తీసింది, మరుసటి ఏడు కొబ్బరి తురిమింది, ఆపై ఏడు ఆకుపచ్చ రంగు వేయించుకుని కన్వేయరు బెల్టు తిప్పింది. ప్రతి ఏడూ వచ్చే ఎగ్జామినరు ఒకాయన దాన్ని గుర్తుపట్టి, బాగున్నావా అని పలకరించాడు కూడా.

ఇంత చేసినా రిపోర్టులో ఆయన పేరు ఉండదు. కృతజ్ఞతల పేజీకి మాకు ఒక వరస ఉంది. దేవుడు, అమ్మానాన్నలు, ఛైర్మన్, ప్రిన్సిపాల్, హెచ్‌ఓడీ, గైడు. ఆ తర్వాత, స్థలం మిగిలితే, సహకరించిన బోధనేతర సిబ్బందికి. ఆ సిబ్బంది మొత్తం ఆయన ఒక్కరే.

2006లో మెకానికల్ లెక్చరర్లు ఇద్దరు మానేశారు. గైడులు చాలక ప్రిన్సిపాల్ శ్రీరామమూర్తిగారు లెక్కల వాళ్ళనూ ఇంగ్లీషు వాళ్ళనూ కూడా గైడులను చేసేశారు. నాకు ఒక బ్యాచీ వచ్చింది. అందులో పని చేసేవాళ్ళు ఇద్దరే, భీమవరం వైపు నుంచి వచ్చిన శ్రీసత్య, సామర్లకోట కుర్రాడు హర్ష. బోల్టు ఎటు తిప్పితే బిగుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. గైడుగా నా పని వారానికోసారి వెళ్ళి, ఎంతవరకు వచ్చింది అని అడగడం. వాళ్ళు, వస్తోంది మేడమ్ అనేవాళ్ళు.

ఆ ఏడు మాత్రం నిజంగా వస్తోంది. మోటారు మార్చి మార్చి విసిగిపోయారో, వచ్చే ఏప్రిల్లో రిటైరవుతున్నాను కదా అనుకున్నారో, వీరబ్రహ్మంగారు ఈ ఇద్దరినీ కూర్చోబెట్టి కవర్లు నింపే పని గురించి చెప్పారు. కరెంటు అక్కర్లేని మిషను కావాలన్నారు. నెలరోజుల్లో చేశారు. నడుమెత్తు స్టాండు, పైన రేకు గరాటు, గరాటు కింద గొట్టం. గొట్టానికి కవరు తొడిగి కాలితో పెడల్ తొక్కితే గొట్టంలోని చిన్న తలుపు తెరుచుకుని మట్టి కవర్లోకి పడుతుంది. మనిషి నిలబడే పని చేసుకోవచ్చు. పిల్లలు ఇసుక పోసి నాకు చూపించారు. చక్కగా పడింది. నేను చప్పట్లు కొట్టాను.

వీరబ్రహ్మంగారు కొట్టలేదు. మర్నాడు నర్సరీ నుంచి బస్తాడు తడి మట్టి తెచ్చి పోశారు. ఒక్క బెడ్డ కూడా దిగలేదు. ఆదివారం భార్యను తీసుకొచ్చారు. నేను కూడా వెళ్ళాను, గైడును కదా. చిన్నమ్మాయిగారు చీర కుచ్చిళ్ళు దోపుకుని, పెడల్ నాలుగుసార్లు తొక్కి, "ఇది పనికిరాదండి" అని నా మొహం మీదే చెప్పింది. చెబుతూనే అరచేత్తో గరాటు పక్కన ఫట్టున ఒక్కటిచ్చింది. మట్టంతా దబ్బున దిగింది.

"తడి మట్టి మాట వినదండి. కొట్టాల" అంది.

ఆయన ఆవిడ చెయ్యి తగిలిన చోట సుద్దతో గీత గీశారు. పది రోజుల తర్వాత వెళ్ళేసరికి అక్కడ చిన్న సుత్తి ఉంది. పెడల్ కిందికి వెళితే తలుపు తెరుచుకుంటుంది, పైకి వస్తూ వస్తూ సుత్తి గరాటును ఒక్క దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బ బలం సరిగ్గా ఆవిడ అరచేతి దెబ్బంత ఉండాలని స్ప్రింగు పద్నాలుగుసార్లు మార్చారట. శ్రీసత్య లెక్కపెట్టింది.

ఇక లైసెన్సు మాట. హర్షకు ఇంటర్నెట్ పిచ్చి. దానవాయిపేటలో నెట్ సెంటరువాడికి మాకన్నా వీడే ఎక్కువ తెలుసు. ఒక మధ్యాహ్నం కాగితాల కట్ట పట్టుకుని వర్క్‌షాపుకు వచ్చాడు. ఈ ప్లాను నెట్‌లో పెడదాం మేడమ్, ఎవరికి కావలిస్తే వాళ్ళు చేసుకుంటారు అన్నాడు.

"పెట్టెయ్. అడగడం దేనికి?" అన్నాను.

"ఊరికే పెడితే చాలదండి. ఏమీ రాయకపోతే ఎవరూ వాడుకోకూడదన్నట్టే లెక్కంట. ఏది చెయ్యొచ్చో ఏది కూడదో మనమే ముందు చెప్పెయ్యాలి. క్రియేటివ్ కామన్స్ అని రెడీగా రాసిపెట్టిన లైసెన్సులు ఉన్నాయి. మనకి నచ్చింది తీసుకోవడమే."

బెంచీ మీద కాగితాలు పరిచాడు. ఒక రకంలో ప్లాను ఎవరైనా వాడుకోవచ్చు గాని అమ్ముకోకూడదు. ఒక రకంలో ఉన్నదున్నట్టు చేయాలి, మార్చకూడదు. ఇంకో రకంలో చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాని మార్చినవాడు ఆ మార్పును కూడా ఇలాగే అందరికీ ఇవ్వాలి. అన్నిట్లోనూ ఉన్న షరతు ఒకటే, చేసినవాళ్ళ పేరు చెప్పాలి.

శ్రీసత్యకు మొదటిది నచ్చింది. "మనం కష్టపడితే ఇంకెవరో అమ్ముకుని బాగుపడటం ఏంటండి? అమ్మకూడదని పెట్టేద్దాం."

వీరబ్రహ్మంగారు ఆకురాయి పక్కన పెట్టారు. "అమ్మకూడదంటే ఎవడు చేస్తాడమ్మా? కడియంలో నాలుగు వెల్డింగ్ షాపులున్నాయి. ఆడు గేట్లూ గ్రిల్సూ మానుకుని ఇది చేసి ఊరికే ఇచ్చేత్తాడా? ఆడు అమ్ముకోవాల. అమ్ముకుంటేనే చేస్తాడు. చేస్తేనే మా ఆవిడలాంటోళ్ళ కాలి కిందకొస్తాది."

"మరి మార్చకూడదని పెడదామా?" అన్నాడు హర్ష.

"మార్చకపోతే ఎలాగండి? ఇక్కడ మట్టి ఒకలా ఉంటది, కోనసీమలో ఒకలా ఉంటది. మా నాన్న నాగలి చేస్తా ఉంటే పక్కూరి వడ్రంగి వచ్చి జానతో కొలుచుకెళ్ళేవోడు. మా నాన్న దాచేవోడు కాదు. ఆ వడ్రంగి తను మార్చింది బాగా కుదిరిందని కబురెడితే మా నాన్నెళ్ళి చూసొచ్చేవోడు. ఇదిగో, ఈ మూడోదాంట్లో రాసింది అదే కదండీ. ఇది పెట్టండి."

అలా పది నిమిషాల్లో తేలిపోయింది. నా డిగ్రీలు ఏమీ అవసరపడలేదు.

తర్వాత ప్లాను గీయడం. పిల్లలు కంప్యూటర్లో మిల్లీమీటర్లలో అందంగా గీశారు. ఆయన చూసి, "మిల్లీమీటర్లంటే షాపోడు టీకి ఎళ్ళిపోతాడండి" అని, ఆరు షీట్ల మీద పెన్సిలుతో, అంగుళాల్లో, చేత్తో మళ్ళీ గీశారు. పక్కన తెలుగులో రాశారు. ఈ సందు ముప్పావు అంగుళం దాటకూడదు, దాటితే కవరు చిరుగును. ఈ స్ప్రింగు సైకిలు స్టాండుది సరిపోవును. పెడల్ కుడివైపే ఉండనక్కర్లేదు, మనిషిని అడిగి పెట్టవలెను. అంత బాగా గీసిన ప్లాను నేను అంతకుముందు చూడలేదు. నేను చూసిన ప్లాన్లు తక్కువే అనుకోండి, అయినా చూస్తూ ఉండిపోయాను.

పిల్లలు వెళ్ళాక ఆయన ఆగారు. గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నారు.

"మేడంగారండీ, పేరు చెప్పాలన్నారు కదండీ. ఎవరి పేరండి?"

"చేసినవాళ్ళ పేరండి."

"అయితే ఈ ఒక్కదాంట్లో నా పేరు ఏయిస్తారా అండి? ముందెప్పుడూ అడగలేదు. అయ్యన్నీ పిల్లలు పాసవ్వడానికి చేసినయ్యి, పరీక్షవ్వగానే విప్పేసేయే. ఇది అలాక్కాదు కదండీ. మా చిన్నమ్మాయి దీని మీద నిలబడి పని చేసుకుంటది. మొన్న నర్సరీలో, మా ఆయన మిషను చేస్తన్నాడు అందంటండి. నవ్వేరంట అందరూ. కాలేజీలో బల్లలు తుడిచేవోడు మిషను చేయడమేంటి అన్నారంట. ఆవిడ చెప్తే ఎవరు నమ్ముతారండి? రాసుంటే నమ్ముతారు."

"తప్పకుండా" అన్నాను. "మీ పేరే ముందుంటుంది."

ఆ మాట అనడానికి నాకు ఏమీ ఖర్చు కాలేదు. అందుకే అంత తేలిగ్గా అన్నాను.

రిపోర్టులో ఆయన పేరు వేస్తానని శ్రీరామమూర్తిగారి దగ్గరికి వెళితే ఆయన కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, మాలాగే అలిసిపోయిన మనిషి. "అమ్మా ఫణిశ్రీ, ఈ ప్రాజెక్టు పిల్లలే చేశారని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది నువ్వు. అటెండరు చేశాడని రెండో పేజీలో రాసేదీ నువ్వేనా? ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు చూస్తే పిల్లలకి మార్కులేస్తాడా?" అన్నారు. ఆయనే మళ్ళీ, నెట్‌లో పెట్టేదాంట్లో మీ ఇష్టం, గైడు సంతకం ఉంటే చాలు అన్నారు.

వీరబ్రహ్మంగారికి చెబితే తేలిగ్గానే తీసుకున్నారు. "ఆయ్, అది చాలండి. రిపోర్టు బీరువాలో ఉంటది. బయటికెళ్ళేది ఇదే కదండీ."

హర్షను పిలిచి చెప్పాను. ఆయన పేరు ముందు పెట్టమని స్పష్టంగా చెప్పాను. తల ఊపాడు. పరీక్షల హడావుడిలో తల ఊపే కుర్రాడికి ఎంత వినిపిస్తుందో పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు తెలియాల్సింది.

ఏప్రిల్లో కాకినాడలో వాల్యుయేషన్ క్యాంపు. తెల్లారుతూనే రైలెక్కి వెళ్ళి, ఎండలో చెమటలు కక్కుతూ పేపర్లు దిద్ది, సాయంత్రం అదే దారిన వెనక్కి. రోజూ అవే తప్పులు, అవే సున్నాలు. ఆఖరి రోజున స్టేషన్లో దిగేసరికి హర్ష ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. పుణెలో ట్రైనింగుకు వెళ్తున్నాను మేడమ్, వెళ్ళేలోపు నెట్‌లో పెట్టేస్తాను, సంతకం పెట్టండి అన్నాడు. చేతిలో ప్లాను షీట్ల ప్రింట్లు ఉన్నాయి. నా భుజానికి బ్యాగు, చేతిలో గొడుగు, కళ్ళ ముందు పొద్దుటి నుంచి చూసిన అక్షరాలు.

"అన్నీ సరిగ్గా ఉన్నాయా?"

"ఉన్నాయి మేడమ్."

బ్యాగు మీద పెట్టి, పైకాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాను. ఒక్క పేజీ తిప్పలేదు. తిప్పితే ఇంటికెళ్ళడం మూడు నిమిషాలు ఆలస్యమయ్యేది.

నెలాఖరున వీరబ్రహ్మంగారికి వీడ్కోలు సభ. శాలువా కప్పారు. నన్ను మాట్లాడమంటే మాట్లాడాను. ఆయన చేతిలో పడ్డ ఇనుము మాట్లాడుతుందని, ఆయన పేరు ఇక దేశమంతా తిరుగుతుందని కూడా అన్నాను. ఆయన తల వంచుకుని శాలువా అంచు సవరించుకుంటూ కూర్చున్నారు. మొహమాటమనుకున్నాను.

జూలైలో నాకొక ఈమెయిల్ వచ్చింది. కేరళలో ఎవరో నర్సరీ పెట్టుకున్నాయన. డాక్టర్ ఫణిశ్రీ గారు, మీ యంత్రం అద్భుతం, సుత్తి స్ప్రింగు గురించి ఒక సందేహం అని. నన్ను డాక్టరును కూడా చేశాడు. వెంటనే నెట్ సెంటరుకు వెళ్ళి ఆ పేజీ తెరిపించాను. వీరబ్రహ్మంగారు చేత్తో గీసిన ఆరు షీట్లూ ఉన్నాయి. ప్రతి షీటు అడుగునా లైసెన్సు వాక్యం, దాని కింద 'రూపకల్పన: శ్రీమతి ఎన్. ఫణిశ్రీ గారు' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. ఆఖరి పేజీ చివర, సహకరించిన బోధనేతర సిబ్బందికి కృతజ్ఞతలు.

హర్షకు ఫోను చేశాను. వాడు బెదిరిపోయాడు. "నెట్ ఫారంలో పేరుకి ఒక్కటే గడి ఉంది మేడమ్. ఆయన పేరు ముందు పెట్టమన్నారు, గుర్తుంది. కానీ ఒక్కటే పెట్టాలంటే మీరుండగా కిందివాళ్ళది ఎలా పెడతానండి? మీకు అవమానం కదా. మీరు చూసి సంతకం కూడా పెట్టారు కదండీ."

వాణ్ణి తిట్టలేకపోయాను. పెద్దవాళ్ళ పేరు ముందు రాయాలని, రాస్తే గారు అని రాయాలని నేర్పింది మేమే. అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నాడు.

"ఇప్పుడు మార్చు" అన్నాను.

"మన పేజీలో మార్చొచ్చండి. పాస్‌వర్డ్ ఎక్కడో రాసుకున్నాను, వెతకాలి. కానీ ఇప్పటికే దింపుకున్నవాళ్ళ దగ్గర పాతదే ఉంటుంది. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం ఈ లైసెన్సులో లేదు మేడమ్."

పాస్‌వర్డ్ దొరకలేదు. కొత్త పేజీ పెట్టొచ్చు, పెట్టలేదు. వీరబ్రహ్మంగారింటికి వెళ్ళి చెప్పొచ్చు, వెళ్ళలేదు. కడియపులంక ఎంతదూరం, ఆటో ఎక్కితే ముప్పావు గంట. దసరా సెలవుల్లో వెళ్దామనుకున్నాను, వేసవిలో అనుకున్నాను. ఆయనకు నెట్ తెలియదు, చూసి ఉండరని నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గు పడి ఒక పని మానేస్తే, మానేసినందుకు మళ్ళీ సిగ్గు. ఆ సిగ్గుతోనే రెండేళ్ళు గడిచాయి.

2008 ఆగస్టులో మా కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఇన్‌స్పెక్షన్ అంటే ముందు పూలకుండీలు. మొక్కలు తెచ్చే పని నాకు పడింది. కడియపులంకలో రోడ్డు పక్క పెద్ద నర్సరీ ఒకటి చూసి ఆటో ఆపాను. నూట యాభై క్రోటన్లు చెప్పి, గుమాస్తా మొక్కలు ఎంచుతూ ఉంటే షెడ్డు వైపు నడిచాను.

షెడ్డులో ఐదుగురు ఆడవాళ్ళు వరసగా నిలబడి పని చేస్తున్నారు. నిలబడి. కాలు కిందికి వెళ్తోంది, పైకి వస్తోంది, సుత్తి టక్కుమంటోంది, మట్టి దిగుతోంది. ఒక్కరు కూడా నడుం వంచడం లేదు. సంతోషమేసింది. ఆ తర్వాత గరాటు మీద రాసింది చూశాను. ఐదు మిషన్ల మీదా నీలం పెయింటుతో, గుండ్రటి అక్షరాలతో నా పేరు. చివర గారు కూడా ఉంది.

ఆ చివరి మిషను దగ్గర చిన్నమ్మాయిగారు. కింద కూర్చుని పెడల్ నట్టు బిగిస్తున్నది వీరబ్రహ్మంగారు. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని దణ్ణం పెట్టారు. ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపులో పని చేస్తున్నానని, ఇప్పటికి నలభై మిషన్లు చేశామని, రాజోలు వైపు కూడా పంపామని చెప్పారు.

"ఈ పేరు…" అన్నాను.

"నేనే రాశానండి. షాపాయన పేరెందుకయ్యా, రంగు దండగ అన్నాడు. ప్లానులో షరతుందండి, పేరు తీసేస్తే దొంగతనం కిందకొస్తది అన్నాను. ఎలా ఉన్నది అలాగే రాశాను."

"కాగితం మీరు చూశారా?"

"హర్షబాబు ఇచ్చాడండి. శాలువా కప్పినరోజు పొద్దున్నే."

సభలో నేను మాట్లాడినప్పుడు ఆయన జేబులో ఆ కాగితాలున్నాయి.

"మరి నన్ను అడగలేదేమండి?"

ఆయన కాసేపు రెంచీని అటూ ఇటూ తిప్పారు. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది.

"పైన మీ సంతకం ఉంది కదండీ. చూసే పెట్టారనుకున్నాను."

చూడలేదండీ అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చూసి పెట్టడం ఎక్కువ తప్పా, చూడకుండా పెట్టడం ఎక్కువ తప్పా అన్నది తేలక ఆగిపోయాను. ఇంతలో వెనక నుంచి గుమాస్తా అరిచాడు. "బిల్లు ఎవరి పేరు మీద రాయమంటారండి?"

"ఫణిశ్రీ" అన్నాను.

మిషన్లు ఆగాయి. వాళ్ళలో పెద్దావిడ, లోవమ్మ, గరాటు మీది పేరు కేసి చూసి నా కేసి చూసింది. "ఫణిశ్రీ గారంటే మీరేనా తల్లీ? మా మనవరాలు చదివి చెప్పిందండి. మా నడుములు నిలబెట్టారు. చల్లగా ఉండాల మీరు" అంటూ మట్టి చేతులతోనే దణ్ణం పెట్టింది.

రెండేళ్ళ తర్వాతైనా ఆ మాట నా నోట వచ్చింది. అందరికీ వినపడేలా అన్నాను. "నేను కాదమ్మా. ఇది చేసింది వీరబ్రహ్మంగారు. ప్లాను గీసింది కూడా ఆయనే. నా పేరు పొరపాటున పడింది."

లోవమ్మ నవ్వింది. మిగతావాళ్ళూ నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, ఎంతో అభిమానంగా నవ్వారు.

"పెద్దోళ్ళు అలాగే అంటారండి. చిన్నమ్మాయీ అదే పాటండి, మా ఆయన చేశాడు, మా ఆయన చేశాడని. మొగుడి మీద ప్రేమండి, ఏం చేస్తాం. ఎదురుగా రాసింది కనపడతా ఉంటే!"

వీరబ్రహ్మంగారు కింద కూర్చుని మళ్ళీ నట్టు బిగించడం మొదలుపెట్టారు. నేను చిన్నమ్మాయిగారి కేసి చూశాను. తిట్టినా బాగుండునని చూశాను. ఆవిడ కవరు తీసి గొట్టానికి తొడిగి, పెడల్ మీద కాలు వేసింది.

"కొంచెం పక్కకి జరగండి" అంది. "చీర మీద మట్టి పడతాది."